పురుగు తిన్న చోట

ఉత్తరం అలెగ్జాండ్రియా నుంచి వచ్చింది,
పడవలో, ఉల్లిపాయల బస్తాల మధ్య.
ఉంచుకోవలసిన పుస్తకాల పేర్లు
మఠం పెద్ద ఒక్కొక్కటే చదివాడు.
మిగిలినవాటి పేర్లు చదవలేదు.
అవి నా గదిలో ఉన్నాయని అందరికీ తెలుసు.

నలభై ఏళ్లుగా నకళ్లు రాస్తున్నాను.
పగలు సంఘానికి, రాత్రి అడిగినవాళ్లకి.
రెండింటికీ ఒకటే సిరా, దీపపు మసీ తుమ్మబంకా.
రెండింటికీ ఒకటే నడుంనొప్పి.

పగటి పుస్తకం అంటుంది,
లోకాన్ని చేసినవాడు చూసుకుని బాగుందనుకున్నాడని.
రాత్రి పుస్తకం అంటుంది,
చేసినవాడు చూపులేని కుమ్మరి,
వంకర కుండ తడుముకుని మురిసిపోయాడని.
నా కళ్లలో ఇసుక పేరుకుంటున్నకొద్దీ
ఇద్దరి మీదా జాలి కలుగుతోంది.

ఇప్పుడు హత్రె చదువుతాడు, నేను రాస్తాను.
పదమూడేళ్లవాడు. పేరుకి అర్థం కవల.
తోడు పుట్టినవాడు పురిట్లోనే పోయాడట,
అందుకేనేమో ఏ సంగతైనా రెండుసార్లు అడుగుతాడు.

"తాతా, దీంట్లో ఆడవాళ్లు ఖాళీ సమాధి చూసి
హడలిపోయి ఎవరికీ చెప్పలేదంట.
ఇంకోదాంట్లో పరుగెత్తుకెళ్లి చెప్పారంట.
చెప్పకపోతే మరి మనదాకా ఎట్లా వచ్చింది?"
కలం సిరాలో ముంచాను.
జవాబు ముంచుకునే బుడ్డి నా దగ్గర లేదు.

"ఒకదాంట్లో తండ్రి వదిలేశాడని సిలువ మీద కేకపెట్టాడు.
ఒకదాంట్లో పని అయిపోయినవాడిలా తల వాల్చాడు.
రాత్రి రాసేదాంట్లో మేకులు దిగేచోట ఆయన లేనేలేడు,
పక్కన నిలబడి నవ్వుతున్నాడు.
నవ్వాడా తాతా, ఏడ్చాడా?
నవ్వాడా?"

"వరస తప్పకుండా చదువు" అన్నాను.

ఆ రాత్రి నిద్రపట్టక నేనే చెప్పాను,
మా అమ్మ పోయిన నాటి సంగతి.
నీళ్లడిగిందని అక్క తెహాత్ అంటుంది.
నాన్న పేరు పిలిచిందని అన్న ప్షాయ్ ఒట్టేస్తాడు,
నాన్న చచ్చి అప్పటికి పదకొండేళ్లు.
ఆ ఒక్క మాట మీద ఇద్దరికీ మాటల్లేవు,
పండక్కి ఒక ఎండుచేపైనా పంపుకోరు.
"మరి నువ్వేం విన్నావు?"
నేనా.
అమ్మ చెయ్యి నా చేతిలోనే ఉంది.
నేను నిద్రపోయాను.

వాడు ఆ సంగతి రెండోసారి అడగలేదు.

ఇంకొకటుంది, అది వాడికి చెప్పలేదు.
ఒక చలికాలం, మూలప్రతిలో
పురుగు తిన్న చోటొకటి తగిలింది, బొటనవేలంత.
దానికి ముందు, ఆమె నోరు విప్పిందని ఉంది.
దాని తరవాత, మగవాళ్లంతా ఊరుకున్నారని ఉంది.
మధ్యలో ఏమందో పురుక్కే తెలుసు.
ఖాళీ వదిలితే కొనేవాడు ధర తెగ్గోస్తాడు.
ఒక వాక్యం రాసి పూడ్చేశాను.
ఏం రాశానో గుర్తులేదు.

మొన్నెవరో ఎడారి సన్యాసి
నా గుమ్మంలో నిలబడి, కళ్లు మూసుకుని ఏదో వల్లించాడు.
ఆమె మాటేనట.
దాని కోసమే ఇల్లూ ఒంటెలూ వదిలేశానన్నాడు.
అది ఆమెదో, నాదో,
నాకు ముందు రాసినవాడు పూడ్చిన కన్నమో.
రొట్టె పెట్టి పంపించాను.

శనివారానికి జాడీ దొరికింది,
ఉప్పుచేపల వాసన ఇంకా వదల్లేదు.
తొమ్మిది కట్టలు పట్టాయి.
మేకతోలు అట్టల్లోపల, బిరుసు కోసం,
నేను అతికించిన పాత కాగితాలున్నాయి:
గోధుమల రసీదు, గాడిద అద్దె తగువు,
మగ్గానికి నూలు పంపలేదని ఎవరో ఎవరినో తిట్టిన చీటీ.
వాటి మీద ఏ సభా తీర్పు చెప్పలేదు.

మూతికి గిన్నె బోర్లించి తారు పూశాం.
హత్రె వీపున కట్టుకుని కొండవైపు వెళ్లాడు.
తెల్లవారుజామున వచ్చి చెప్పాడు,
పెద్ద బండ కింద, తూర్పు పక్కనని.
కాళ్లు కడుక్కుని వచ్చి మళ్లీ చెప్పాడు,
బండ కాదు, గుహలో, ఎడమచేతి వైపని.

ఏది నిజమని అడగలేదు.
అడిగితే మూడోది చెబుతాడు.
పగటి పని మిగిలే ఉంది.
ఆడవాళ్లు సమాధి దగ్గర్నుంచి
పరుగు అందుకునే చోట ఆగాం.